కుబేరుడి వైపు తిరిగిన బల్ల

ఈ సంగతి మీద ఇప్పటిదాకా నన్నెవరూ ఏమీ అడగలేదు. కొండ మీదికి దారి ఎవరు వెతికారని అడగలేదు. అక్కడ కూర్చోవడానికి బల్ల ఉండాలన్న ఆలోచన ఎవరిదని అడగలేదు. ఆ బల్ల ఎటు తిరిగి ఉండాలని అసలే అడగలేదు. అడగకపోయినా నేను చెప్పాను, చాలాసార్లు చెప్పాను. టీ తాగుతూ విన్నారు. విని ఇంకో టీ పోయించుకున్నారు. అందుకే రాస్తున్నాను. రాస్తున్నవాడి చేతిలో మధ్యలో బిస్కట్ పెట్టి మాట మార్చడం కుదరదు.

మాది కొరాపుట్ జిల్లాలో ఒక కర్మాగారం టౌన్‌షిప్. నేను అక్కడ యంత్రాల మరమ్మతు విభాగంలో టెక్నీషియన్‌ని. వచ్చే వేసవిలో రిటైరవుతాను. క్వార్టర్ ఖాళీ చేసి బొబ్బిలి వెళ్లిపోతాం. ఆలోగా ఆ బల్ల దక్షిణం వైపు తిరగాలి. నాకు కావలసింది అంతే. ఎందుకు కావాలో చెప్పాలంటే ఇంగ్లండ్ నుంచి మొదలుపెట్టాలి.

కొన్నేళ్ల కిందట మా విభాగానికి కొత్త యంత్రం కొన్నప్పుడు, దాన్ని తయారు చేసేచోటే పని నేర్చుకుని రమ్మని నన్ను ఇంగ్లండ్ పంపారు. నిజానికి ముందు ఇంకొకాయన్ని పంపాలనుకున్నారట, ఆయన పాస్‌పోర్టు సమయానికి రాలేదట. ఆ సంగతి నాకు విమానం ఎక్కే ముందు చెప్పారు. దిగాక చెప్పినా సరిపోయేది.

అక్కడ నాకు పని నేర్పిన ఫోర్‌మన్ మాటలు తక్కువ మనిషి. మొదటి ఆదివారం పొద్దున్నే కారు తెచ్చి కొండకు పోదాం రమ్మన్నాడు. బూట్లు తొడిగించాడు, వానకోటు వేయించాడు, మెడలో మ్యాపు తగిలించుకున్నాడు. ఇంత హడావుడి చూసి హిమాలయాల్లాంటిదేదో ఉందనుకున్నాను. తీరా చూస్తే మా టౌన్‌షిప్ వెనక మేకలు కాసే మెట్ట దానికంటే ఎత్తు. దాని నిండా గడ్డి. గడ్డి నిండా గొర్రెలు. గొర్రెలు దాటకుండా, మనిషి మాత్రం దాటేలా రాతి గోడల మీద చెక్కమెట్లు. దారి తప్పడానికి వీల్లేని చోట కూడా దారి చూపించే కర్రలు పాతారు. ఎదురైన ప్రతివాడూ గుడ్ మార్నింగ్ చెప్పాడు. పాతికేళ్లకు పైగా ఒకే షెడ్డులో నాతో పనిచేసినవాళ్లు కొందరు ఈనాటికీ చెప్పరు. వాళ్లెవరో వాళ్లకు తెలుసు.

పైకెక్కాక పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. వాతావరణం బాగున్నరోజు ఇక్కణ్ణుంచి సముద్రం కనిపిస్తుందన్నాడు ఫోర్‌మన్. రెండో ఆదివారం ఇంకో కొండ. అక్కడా మంచే. వాతావరణం బాగున్నరోజు ఇక్కణ్ణుంచి పెద్ద చర్చి కనిపిస్తుందన్నాడు. చలికి వణుకుతూ కనిపించని సముద్రాన్నీ, కనిపించని చర్చినీ చూసి వచ్చాను. దానికాయన సారీ చెప్పలేదు.

మూడో ఆదివారం మంచు విడిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ చిన్న కొండల మీదికి వాళ్లు ఎందుకు ఎక్కుతారో. కింద లోయంతా ఎవరో దుప్పటి పరిచి మడతలు సరిచేసినట్టుంది. గళ్లుగళ్లుగా పొలాలు, మధ్యలో వాగు, ఒక బూడిదరంగు ఊరు. సరిగ్గా అది కనిపించేచోట చెక్కబల్ల. వీపు కొండకు, ముఖం లోయకు. బల్ల మీద ఒక ఆడమనిషి పేరు చెక్కి ఉంది. ఆమెకు ఇక్కడ కూర్చోవడం ఇష్టమని దాని కింద రాసి ఉంది. ఫోర్‌మన్ ఆ బల్లకు ఒక పక్కగా కూర్చుని, రెండో పక్కన నన్ను కూర్చోమన్నాడు. తన రొట్టెలో సగం ఇచ్చాడు. ఆవిడెవరని అడిగితే, మా ఆవిడ, అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. నేను ఏమీ అనని సందర్భాలు తక్కువ కాబట్టి ఇది రాస్తున్నాను.

తిరిగొచ్చాక క్లబ్బులో నా అనుభవాలు అడుగుతారనుకుని కొంత తయారై వెళ్లాను. అక్కడ అన్నం దొరికిందా అని అడిగారు. దొరికిందన్నాను. అయిపోయింది. అంతకుముందు సింగపూర్‌లో నాలుగురోజులున్న ఒకాయన చేత మైకులో మాట్లాడించారు, నాకు గుర్తుంది.

అడిగింది మా ఆవిడ ఒక్కతే.

“ఆ బల్ల మీద కూకుంటే ఏటి కనిపిస్తాదండీ?” అంది.

చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరడం ఆపి విన్నది. విని, “నాకలగ మన రైలొంతెన సూడాలనుంటాది” అంది.

మా ఆవిడది రాయగడ. వాళ్ల నాన్నకు అక్కడ బట్టల కొట్టు. పెళ్లయ్యాక రాయగడ నుంచి కొరాపుట్‌కు రైల్లోనే తీసుకొచ్చాను. ఆ దారిలో ఒకచోట రైలు సొరంగంలోంచి వచ్చి, వంతెన దాటి, వెంటనే ఇంకో సొరంగంలో దూరుతుంది. ఆరోజు కిటికీ పక్కన మా మేనమామ సారె డబ్బాలు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు.

“మీ మావ తలకాయి తప్ప నానేటీ సూడనేదు” అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మా మేనమామ మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇది ఆమెది. తర్వాత ఎన్నిసార్లు కిటికీ పక్కన కూర్చున్నా, లోపల్నుంచి చూడ్డమే కదా. చీకటి, ఒక్క క్షణం వెలుతురు, మళ్లీ చీకటి. తను ఇన్నేళ్లు ఎక్కి దిగిన ఆ రైలు కొండలోంచి వచ్చి కొండలోకి పోవడం బయట నిలబడి ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. చూపిస్తానని మాటిచ్చాను.

అప్పుడు మొదలుపెట్టాను ఆదివారాలు కొండలెక్కడం. ఒక కొండెక్కితే వంతెనకు ఇంకో కొండ అడ్డం. ఆ కొండెక్కితే చెట్లు అడ్డం. ఒకరోజు కొండ కింది ఊళ్లో ఒక ముసలాయన నన్నాపి, పశువేమైనా తప్పిపోయిందా అని దేశియాలో, అదే అక్కడి ఒరియా యాసలో, అడిగాడు. లేదన్నాను. కట్టెలకా అన్నాడు. కాదన్నాను. మరి డొంగర్ మీద, అంటే కొండ మీద, ఏం పని అన్నాడు. చూడ్డానికి వచ్చానన్నాను. ఆయన కొండ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, కొండ కిందనుంచి కూడా కనిపిస్తుంది కదా అన్నాడు. అయినా పై దాకా దారి చెప్పాడు. ఆయన చెప్పిన దారి చివర ఒక చదును ఉంది. దానికి దక్షిణాన లోయ. మెట్లుమెట్లుగా చోడి చేలు, అంటే రాగి చేలు, వాటి మధ్య పసుపుపచ్చగా పూసిన వలిసె పూలు, వాగు, వాగు మీద వంతెన, వంతెనకు ఆ చివరా ఈ చివరా రెండు నల్లటి నోళ్లు.

పక్క ఆదివారం టౌన్‌షిప్ తెలుగువాళ్లని కొందర్ని పోగేసి తీసుకెళ్లాను. వెళ్లగానే అందరూ లోయకు వీపు పెట్టి టౌన్‌షిప్ వైపు తిరిగారు. ఎవరి క్వార్టర్ ఎక్కడుందో వెతుక్కున్నారు. “అదిగో మన నీల్ల టాంకీ! ఓలమ్మ, మోటారు కట్టనేదు, పొర్లిపోతంది!” అని ఒకావిడ అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేసింది. వచ్చినవాళ్లలో పట్నంలో కిరాణా హోల్‌సేల్ నడిపే షావుకారు గారు కూడా ఉన్నారు. ఆయన ఇంటినుంచి ఉప్మా తెప్పించారు. ఉప్మా బాగుంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అందరం అక్కడికి నడక, ఆ చోటు పేరు షావుకారు పాయింటు. నేను కనిపెట్టినచోటుకి ఉప్మా పెట్టినాయన పేరు.

సరే, పేరు పోయినా బల్ల దక్కితే చాలనుకున్నాను. మా ఆవిడ మోకాళ్లు బాగాలేవు. నెమ్మదిగా, ఆగి ఆగి కొండ ఎక్కగలదు. కానీ ఎక్కాక ఎక్కువసేపు నిలబడలేదు, నేల మీద కూర్చుంటే లేవలేదు. మా రైలు ఎప్పుడొస్తుందో రైలుకే తెలియదు. వంతెన చూడాలంటే కూర్చుని ఎదురుచూడాలి. అందుకని ఆదివారం నడకలో, ఇంగ్లండ్ బల్ల సంగతి మళ్లీ ఎత్తాను. పోయినవాళ్ల జ్ఞాపకంగా వేస్తారని చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

“సచ్చిపోయినోల్ల పేరున్న బల్ల మీద కూకోవాలేటి!” అన్నారు షావుకారు గారు.

“ఉప్మా ఎలగ దిగుతాదన్నయ్యా?” అన్నాడు రైల్వేలో పనిచేసే, నేను తమ్ముడని పిలిచే కుర్రాడు. ఇతను నా పక్షమేనని నేను అప్పటిదాకా అనుకున్నాను.

“పోనీ బతికున్నోల్ల పేరేస్తే?” అన్నారెవరో.

గుళ్లో ఫ్యాన్ల రెక్కల మీద దాత పేరు రాయించినట్టు, తన పేరుతో సిమెంటు బల్ల తనే ఇస్తానన్నారు షావుకారు గారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ట్రాక్టరు మీద కొండ నడుం దాకా, అక్కణ్ణుంచి బొంగులకు కట్టి మనుషుల భుజాల మీద బల్ల పైకెక్కింది. దాన్ని ఎక్కించినరోజు నాకు డ్యూటీ. ఒక్కరోజు ఆగమన్నాను. ఆగలేదు. ఆరోజు మంచిదన్నారు.

మర్నాడు పరుగున వెళ్లి చూద్దును కదా, బల్ల వీపు లోయకు, ముఖం ఉత్తరానికి. కూర్చుంటే ఎదురుగా ఏనుగంత బండరాయి, దాని మీద ప్రేమికులు సున్నంతో రాసుకున్న బాణం గుర్తులు, ఆ వెనక సెల్ టవర్. దాత పేరు మాత్రం ఎటునుంచి వచ్చినా కనిపిస్తుంది. కాళ్లు సిమెంటు దిమ్మల్లో పాతేశారు. ఏనుగొచ్చి తోసినా కదలదు.

ఆ సాయంత్రమే షావుకారు గారి కొట్టుకెళ్లాను.

“బల్ల అటు తిరిగిందేంటండీ?”

“అటే తిరగాల తమ్ముడూ. ఉత్తరం కుబేరుడి దిక్కు. దచ్చినం ఎవురిదో నీకు సెప్పాలేటి?”

“చూడాల్సింది దక్షిణాన ఉందండీ.”

“యముడి వేపు మొకమెట్టి కూకోబెట్టీసేనని రేపు నన్నే అంతారు. నా పేరుందా బల్ల మీద? ఉందా, నేదా?”

“ఉంది. కానీ లోయ వెనకుంటే కూర్చున్నవాళ్లకెలా కనిపిస్తుంది?”

“మెడుంది కదేటి! తిప్పుకోండి. సిమెంటు తిరగదు గానీ మెడ తిరుగుతాది” అని, బెల్లం దిమ్మ తూకం వేయించడానికి అటు తిరిగిపోయారు. కొట్టులో ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చునేది కూడా ఉత్తరానికేనని అప్పుడు గమనించాను. ఆయన ముందు గోడ ఉంది. ఆయనకు అలవాటే.

అయినా మాటిచ్చాను కదా. కార్తీకంలో వనభోజనాలనాడు మా ఆవిడను తీసుకెళ్లాను. మిగతావాళ్లు కింద గిన్నెలు దించి పులిహోర కలుపుతుంటే, మేమిద్దరం ఆగుతూ ఆగుతూ పైకెక్కాం. ఆమె పైకెక్కి బల్ల మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఎదురుగా ఉన్న బండరాయిని చూసింది.

“ఇదేనేటండీ మీరు సెప్పింది?”

“వెనక్కి తిరుగు.”

తిరిగింది. మెడ తిరిగినంత మేర చెట్లకొమ్మలు కనిపించాయి. వంతెన కనిపించాలంటే లేచి పూర్తిగా ఇటు తిరగాలి. సరే, రైలొచ్చేటప్పుడు లేపుతానన్నాను. రైల్వే తమ్ముడు కిందనుంచి ఫోన్ చేసి, “బండి బయలెల్లిపోనాదన్నయ్యా, వచ్చెస్తంది” అన్నాడు. ఎక్కణ్ణుంచి బయల్దేరిందో చెప్పలేదు. చాలాసేపు నేను నేల మీద లోయ వైపు, ఆమె బల్ల మీద బండరాయి వైపు చూస్తూ కూర్చున్నాం. చివరికి కూత వినిపించింది.

“లే, లే!”

“సెయ్యందుకోండి... అమ్మా... ఉండండి, మోకాలు పట్టీసింది...”

నా చెయ్యి పట్టుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి, అంచు దగ్గరికి వచ్చేసరికి ఆఖరి పెట్టె వెనకభాగం సొరంగంలోకి జారిపోతోంది. వంతెన ఖాళీగా ఉంది.

“తోక కనిపించింది” అంది ఆమె. నన్ను ఓదార్చడానికే అన్నదని నాకు తెలుసు. అదే నాకు మరీ మండింది.

తర్వాత ఆదివారం ఒక ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని కొండెక్కాను. టౌన్‌షిప్ గేటు దగ్గరే మొదలయ్యాయి మాటలు, పెళ్లెవరిదని. పట్టించుకోలేదు. అంచు దగ్గర దక్షిణం వైపు వేసి మా ఆవిడను కూర్చోబెట్టాను. ఆమె ముఖం విప్పారింది. వలిసెల పసుపు చూసి ఏదో అనబోయింది. అంతలో షావుకారు గారు రొప్పుకుంటూ పైకొచ్చారు. పెద్దాయన, చెమటలు పట్టి ఉన్నారు. మా ఆవిడ వెంటనే లేచి “కూకోండి బాబూ” అని కుర్చీ ఇచ్చేసింది. ఆయన దాన్ని ఉత్తరానికి తిప్పుకుని కూర్చున్నారు. అలా తిప్పుకోవడంలో ఒక కాలు రాయి మీద పడి కుర్చీ చీలిపోయింది.

“ఏటి తమ్ముడూ, ఇలాటి కుర్సీ తెచ్చేవు?” అన్నారు కింద కూర్చునే.

అందరూ ఆయనకు దెబ్బ తగిలిందేమోనని చూశారు. కుర్చీ ఎవరిదని ఎవరూ అడగలేదు. రైలు మేం కుర్చీ ముక్కలు ఏరుతుండగా వెళ్లిపోయింది.

మా ఆదివారం నడకకు వాట్సాప్ గ్రూపుంది. అందులో బల్ల తిప్పాలని మర్యాదగా రాశాను. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. మళ్లీ రాశాను. గులాబీ పువ్వు, దాని కింద శుభోదయం. బల్ల ఫోటో పెట్టి, లోయ ఎటుందో బాణం గీసి పెట్టాను. షావుకారు గారి మనవరాలి పుట్టినరోజుకి అందరూ శుభాకాంక్షలు చెబుతుంటే నా బాణం పైకెళ్లిపోయింది. చూశారని నాకు తెలుసు. నీలం గీతలు పడ్డాయి.

“ఒగ్గీండి, ఆలనెందుకడుగుతారు” అంటుంది మా ఆవిడ. కానీ రోజూ సాయంత్రం మోకాళ్లకు నూనె రాసుకుని, క్వార్టర్ మెట్లు ఎక్కి దిగుతోంది. ఎందుకని నేను అడగలేదు. బొబ్బిలిలో మా ఇంటికి మెట్లు లేవు.

పోయిన నెలలో ఒక మామూలు రోజు, సెలవు పెట్టి ఒక్కణ్ణే కొండెక్కాను. దిమ్మలు ఎంత లోతున్నాయో, ఎంతమంది పడితే బల్ల ఊడుతుందో చూద్దామని. దూరం నుంచే బల్ల మీద ఎవరో కూర్చుని ఉన్నట్టు తెలిసింది. దగ్గరికెళ్లి చూస్తే షావుకారు గారు. వెనక్కి తిరిగి కూర్చున్నారు. బల్లకూ దాని వీపుకూ మధ్య ఉన్న సందులోంచి కాళ్లు రెండూ అవతలికి దూర్చి, వీపు అంచు మీద గడ్డం ఆనించి, లోయ వైపు చూస్తున్నారు. సాక్షాత్తూ దక్షిణం వైపు.

నన్ను చూసి దిగబోయారు. కాళ్లు రాలేదు. పంచె సందులో చుట్టుకుంది.

“లాగు తమ్ముడూ, నవ్వకు, లాగు!”

“నేనేం నవ్వట్లేదండీ.”

“కనిపిస్తాదేమోనని ఇలగ తిరిగేను. బండి ఇప్పుడే ఎల్లింది. ఎంత సక్కగున్నాదో! పామొచ్చి పుట్టలోకెల్లినట్టు...” అని, నేనెవరో గుర్తొచ్చి ఆగిపోయారు.

భుజాల కింద చేతులేసి లాగాను. ఒక చెప్పు లోయలోకి పోయింది. బయటికొచ్చి, పంచె దులుపుకుని, ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డారు.

“ఇది ఎవురికీ సెప్పకు తమ్ముడూ” అన్నారు.

“చెప్పను. బల్ల తిప్పించండి. మా ఆవిడ కాళ్లు అలా దూర్చలేదు.”

ఆయన కొంచెంసేపు టవర్ వైపు చూశారు. “సూద్దారి” అన్నారు.

నెల గడిచింది. రోజూ కొట్టు ముందునుంచి వెళ్తూ చూస్తున్నాను. నన్ను చూసి ఆయన కందిపప్పు బస్తా వైపు తిరుగుతారు. చెప్పనన్న మాట నేను ఇంతకాలం నిలబెట్టుకున్నాను. ఆయన చూద్దామన్న మాట ఎటు పోయిందో తెలియదు. అందుకే నా మాట ఇక్కడితో తీరిపోయింది, అందరికీ చెప్పేశాను.

షావుకారు గారూ, గడ్డపలుగులు నేను తెస్తాను. సిమెంటు నేను కలుపుతాను. యముడు అడిగితే బల్ల తిప్పింది నేనేనని నా పేరు చెప్పండి, కావాలంటే దాని మీద రాయించండి. మీ పేరు కూడా మీ ఇష్టమొచ్చినంత పెద్దగా అలాగే ఉండనివ్వండి. వలిసెలు రాలిపోకముందే, మా ఆవిడ మోకాళ్లు ఇంకా ఒప్పుకుంటున్నప్పుడే, ఆ బల్ల తిప్పనిస్తారా, తిప్పనివ్వరా? దండం బొమ్మ వద్దు, గులాబీ వద్దు, సూద్దారి అసలే వద్దు. ఔనో కాదో నోటితో చెప్పండి. రేపు పొద్దున్న మీరు కొట్టు తెరిచేవేళకు గల్లాపెట్టె ముందు నిలబడి ఉంటాను, మీకు ఉత్తరం వైపే.